అయిదో నంబరు పిలుపు

తత్వం సగంలో ఉండగా కంప్యూటరు మళ్లీ బిగుసుకుపోయింది. మీరావలి తాత కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. ఆపమనడానికి దస్తగిరికి నోరు రాలేదు.

పాట ముగించి, దగ్గు తగ్గాక తాత అడిగాడు. “కంప్యూటరులో పడిందా నాయనా?”

“లేదు తాతా. మధ్యలోనే నిలిచిపాయ.”

“సరేలే. రేపు పాడుకుందాం.”

రేపటికి ఆ గొంతు ఎంత మిగిలి ఉంటుందోనని దస్తగిరికి దిగులు. పాడిన ప్రతిసారీ అది ఇంకొంచెం సన్నబడుతోంది.

గుత్తి కొండకు అవతల ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో తాతకు ఇద్దరే శిష్యులు. దస్తగిరి చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగాడు. ఒక భక్తుడు తన దుకాణంలో వాడి వదిలేసిన కంప్యూటరు ఇస్తే, తాత పాటలు దాచడానికి అందులో సౌండు కార్డు బిగించింది అతనే. రెండో శిష్యుడు శేఖన్న పోయిన ఎండాకాలంలో వచ్చాడు. తాతకు గురువైన పెద్దాయన చేతిరాత కాగితాలు ముట్టుకుంటే పొడి అయిపోతున్నాయని, వాటిని కంప్యూటరులోకి ఎక్కించడానికి ఒక పాత స్కానరు, దాని కార్డు తెచ్చి బిగించాడు. అప్పటి నుంచి పాటా సగమే పడుతోంది, కాగితమూ సగమే వస్తోంది.

ఇంట్లో పాలు విరిగితే కొత్త కోడలి కాలిని తిట్టే అత్తగారు ఒకావిడ దస్తగిరిలోనూ ఉంది.

“వాని కార్డు చెడిపోయింది తాతా. తీసి పారేస్తా” అన్నాడు.

నిజానికి అతని బాధ కార్డుతో మొదలు కాలేదు. శేఖన్నకు పసితనంలో గొంతుకు జబ్బు చేసి, మాట గుసగుసలాగే వస్తుంది. అది వినపడాలని తాత అతన్ని కుడి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అది అంతవరకూ దస్తగిరి చోటు. దస్తగిరి కూడా అక్కడే ఇరుక్కుని కూర్చునేవాడు. ఇద్దరూ ఒకేసారి ఏదో ఒకటి అడిగేవాళ్లు. తాత ఎవరికీ జవాబు చెప్పకుండా ఊరికే నవ్వేవాడు. ఆ నవ్వు శేఖన్న కోసమేనని దస్తగిరికి గట్టి నమ్మకం. ఎన్నో రాత్రులు దాన్ని తలుచుకుని అతను కుమిలిపోయాడు.

“నీ కార్డు తీసేసి, వానిది ఒక్కటే పెట్టి చూడు” అన్నాడు తాత.

పెట్టి చూశాడు. కాగితం పూర్తిగా వచ్చింది.

“ఇప్పుడు వానిది తీసి, నీది పెట్టు.”

తాత రెండు చరణాలు పాడాడు. రెండూ పడ్డాయి.

“ఏది చెడిపోయింది నాయనా?”

దస్తగిరి తల గోక్కున్నాడు. “రెండూ మంచివే తాతా. పని పడినప్పుడు ప్రతి కార్డూ కంప్యూటరును ఒక నంబరుతో పిలుస్తాది. ఈ రెండూ అయిదో నంబరుతోనే పిలుస్తాండాయి. పిలిచింది ఎవరో తెలీక అది బిక్కమొహం వేస్తాది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా.”

“కత్తులైతే ఇమడవు” అన్నాడు తాత. “నంబరు మార్చేకి వీలు కాదా?” అని అడిగాడు.

 మార్చొచ్చని దస్తగిరికి మొదటి రోజు నుంచీ తెలుసు.

“వాని కార్డుకు కాదు. దానికి అయిదు తప్ప ఇంకోటి రాదు. నా దానికైతే సూదుల మీద చిన్న టోపీ మాదిరి ఉంటాది. దాన్ని తీసి పక్క సూదులకు పెడితే నంబరు మారుతాది.”

“మరి?”

“ముందు నుంచీ ఉన్నది నేను కదా తాతా. నేనేంటికి జరగల్ల?”

‘నా కార్డు’ అనబోయి ‘నేను’ అన్నాడు. అన్నాక ఇక దాచుకోవాలనిపించలేదు.

“ఇద్దరికీ చోటు చాలకపోతే చెప్పు. నేనే పోతా” అన్నాడు.  ఆ గడప దాటితే పోవడానికి అతనికి ఇంకో ఇల్లు లేదు.

తాత వాకిట్లో ఉన్న శేఖన్నను పిలిచి తన కుడి పక్కన కూర్చోమని చాప తట్టాడు. శేఖన్న కూర్చున్నాడు. దస్తగిరి మొహం మాడిపోయింది.

తర్వాత తాత దస్తగిరి మణికట్టు పట్టుకుని, తన వెనకగా తిప్పి తెచ్చి ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

తాత ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆశ్రమానికి వచ్చే పిల్లలకు కూడా తెలుసు. తనను పక్కకు పెట్టేశాడని దస్తగిరికి ఏడుపొచ్చినంత పనైంది.

“ఈ చెవికి వినపడదు కదా తాతా” అన్నాడు.

తాత ఎదురుగా చూస్తూ ఉండిపోయాడు.

దస్తగిరి ఇంకొంచెం గట్టిగా అన్నాడు. తాత తల కదపలేదు. చివరికి అతను తాత ఒడి మీదుగా కుడి చెవి వైపు పూర్తిగా ఒంగి, తాత గడ్డం తన చెంపకు తగిలేంత దగ్గరగా వెళ్లి అదే మాట మళ్లీ అన్నాడు.

“ఆఁ, ఇప్పుడు వినపడింది” అన్నాడు తాత, అతని తల మీద చెయ్యి వేసి. “నువ్వు ఇంత దగ్గరికి రావల్ల నాయనా.”

దస్తగిరి చాలాసేపు అలాగే ఒంగి ఉండిపోయాడు. తాత చెయ్యి తీయలేదు.

తర్వాత లేచి కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాడు. కంప్యూటరు మూత విప్పి, తన కార్డు బయటికి తీశాడు. టోపీ చాలా చిన్నది, గోటికి అందడం లేదు.

“శేఖన్నా” అని లోపలి నుంచి పిలిచాడు. “ఒకసారి ఇట్లొచ్చి టార్చి పట్టుకుంటావా.”