బోర్లించిన రాయి

నతానియేలుకు కుట్టుమిషన్ల బెంగ పట్టుకుంది.

నాలుగు మిషన్లు. సంఘం హాల్లో ఓ మూల దుప్పటి కప్పుకుని నెలన్నరగా ఊరికే పడున్నాయి. నేర్చుకోవడానికి ఒక్క మనిషీ రావడం లేదు. శుక్రవారం వచ్చి చూస్తామనీ, అప్పటికీ ఎవరూ లేకపోతే మిషన్లను ఇంకో ఊరికి పంపించేస్తామనీ మిషన్లిచ్చిన పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రోజు సోమవారం.

పాస్టరు చదువు ముగించుకుని అతను ఆ ఊరు వచ్చి ఎనిమిది నెలలు. చర్చి పక్కనున్న ఆ హాలు చర్చిదే అయినా, వాడుకునేది ఊరంతా. పిల్లలకు టీకాలు అక్కడే, పెళ్ళిచూపులు అక్కడే, మిరప కోతలకొచ్చిన పొరుగూరి కూలీలు వానొస్తే తలదాచుకునేదీ అక్కడే. దాన్ని ముప్పై ఏళ్ళ కిందట దగ్గరుండి కట్టించి, మొన్నమొన్నటి దాకా నడిపినవారు దేవసహాయం అయ్యగారు. ఇప్పుడు పక్క ఊళ్ళో విశ్రాంతిగా ఉంటున్నారు. తాళంచెవి చేతిలో పెట్టిన రోజున ఆయన నతానియేలుతో ఒక్క మాటే అన్నారు. "జాగ్రత్తగా చూసుకో నాయనా."

నతానియేలు ఆ మాటని మరీ గట్టిగా పట్టుకున్నాడు. గోడలకు సున్నం వేయించాడు. కిటికీలకు జాలీలు కొట్టించాడు. వరండాలో తేళ్ళు దూరే సందులన్నీ పూడ్పించాడు. ఆ పనిలో ఉండగానే మెట్ల దగ్గరి నాపరాయి ఒకటి అతని కంట్లో పడింది. దాని నిండా గీతలు, అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా. ఊళ్ళో ముసలాళ్ళు నలుగురు పొద్దున్నే వచ్చి, ఆ రాయి చుట్టూ చేరి పులి–మేక ఆడుకునేవాళ్ళు. ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ మధ్యాహ్నం దాకా కదిలేవాళ్ళు కాదు. దేవుడి ఆవరణలో ఇదేం పని అనుకున్నాడు నతానియేలు. మేస్త్రీ చేత రాయిని లేపించి బోర్లా వేయించాడు. నున్నటి వైపు పైకొచ్చింది. చాలదన్నట్టు పైన గోడకి ఒక చెక్క బోర్డు కూడా కొట్టించాడు. 'పని లేనివారు ఇక్కడ కూర్చోరాదు.'

ముసలాళ్ళు గొడవేం పడలేదు. వాళ్ళకి చదువు రాదు. బోర్లించిన రాయిని చదవడానికి చదువెందుకు? కండువాలు దులుపుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వారం పది రోజుల్లో కుట్టు నేర్చుకునే ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే మానేశారు. నతానియేలు మైకులో చెప్పాడు. ఇంటింటికీ తిరిగాడు. "వస్తాంలే చిన్నయ్యగారూ" అంటారు, కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు, రారు.

సోమవారం సాయంత్రం సైకిలేసుకుని గురువుగారింటికి వెళ్ళాడు. దేవసహాయం అయ్యగారు అరుగు మీద కూర్చుని అమ్మగారికి చింతపండులోంచి గింజలు తీసిపెడుతున్నారు.

"మన ఆడవాళ్ళకి ఆసక్తి లేదండీ," అన్నాడు నతానియేలు. "నీడపట్టున కూర్చుని నేర్చుకునే పని. ఫ్యాను పెట్టించాను. హాలు అద్దంలా ఉంచాను. ఇంకేం చెయ్యాలండీ నేను?"

పాపం, నిజంగానే ఏం చెయ్యాలో తెలియక వచ్చాడు.

"వరండా కూడా బాగు చేయించావటగా?" అని అడిగారు అయ్యగారు.

"చేయించానండీ."

ఆయన చింతగింజలు గుప్పెడు తీసి చొక్కా జేబులో పోసుకున్నారు. "రేపు పొద్దున బస్సుకి వస్తాను. నువ్వు ముందు అన్నం తిని వెళ్ళు."

అన్నట్టే మర్నాడు తొమ్మిదింటి బస్సు దిగారు. హాలంతా తిరిగి చూశారు. సున్నం బాగుందన్నారు. జాలీలు బాగున్నాయన్నారు. మిషన్ల మీది దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ కప్పారు. వరండాలోకి వచ్చాక, "పలుగు పట్రా," అన్నారు.

రాయి కింద చెదపుట్ట ఏదైనా ఉందేమోనని నతానియేలు కంగారుగా పరిగెత్తి తెచ్చాడు. ఇద్దరూ కలిసి రాయిని లేపి తిరగేశారు. డెబ్బై దాటిన మనిషి, ఆయాసపడుతూ మెట్టు మీద కూలబడ్డారు. కండువా కొసతో గీతల్లోని మట్టి తుడిచారు. మూడు గులకరాళ్ళు ఏరి రాతి మీద పెట్టుకుని, జేబులోని చింతగింజలు శిష్యుడి చేతిలో పోశారు.

"పులులు నావి. మేకలు నీవి. కూర్చో."

"అయ్యగారూ, శుక్రవారం మిషన్లు పట్టుకెళ్ళిపోతారండీ!"

"నిన్న చెప్పావుగా. మేకని పెట్టు."

కాదనలేక కూర్చున్నాడు. ఆట రాదు. తోచిన చోట గింజ పెట్టాడు. పులి దూకి తినేసింది. ఇంకోటి పెట్టాడు. అదీ పోయింది. నాలుగో మేక కూడా పోయేసరికి నతానియేలుకు ఉక్రోషం వచ్చింది. మిషన్ల సంగతి మర్చిపోయి, రాతి మీదకి వంగి, పులికి అందని చోటు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"అక్కడ గాదయ్యా! అట్టా పెడితే మింగదూ మరి?"

రోడ్డు మీద ఆ నలుగురు ముసలాళ్ళలో ఒకడైన బర్నబాసు తాత, చంకలో మనవరాలు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో ఏమో. నోరు జారినందుకు నాలిక్కరుచుకుని వెళ్ళబోయాడు.

నతానియేలు చేతిలోని గింజ వంక చూసుకున్నాడు. "ఎక్కడ పెట్టమంటావు తాతా?" అని అడిగాడు.

తాత మోకాళ్ళ నొప్పి మర్చిపోయి రెండంగల్లో మెట్లెక్కేశాడు. "ఇదిగో, ఈ మూల గట్టుకో. పులికి దారి లేకుండా జెయ్యి. అసలీ గీతలు చెక్కింది ఎవురనుకుంటన్నావు? ఈయనే. హాలుకి తలుపులు పెట్టకముందే ఈ రాయి తయారు జేశాడు!"

దేవసహాయంగారు వినబడనట్టు పులిని జరిపారు.

కాసేపటికి రెండో ముసలాయన వచ్చాడు. మూడో ఆయన ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చాడు. నాలుగో ఆయన్ని కేకేసి పిలిచారు. వెక్కిరింతలు మొదలయ్యాయి. నతానియేలుని కాస్త జరగమన్నారు. జరిగాడు గాని లేవలేదు.

పదకొండు గంటల వేళ బర్నబాసు కోడలు సలోమి పిల్లని వెతుక్కుంటూ వచ్చింది. తాతల్లో ఎవరి ఒళ్ళోనో నిద్రపోతున్న కూతుర్ని చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో గుడ్డల సంచి ఉంది, వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు నతానియేలు.

"పిల్లదాన్ని ఎవురు చూస్తారు చిన్నయ్యగారూ? ఇంటికాడ మా మామ ఒక్కడి వల్లా కాదు, అరగంటకే తెచ్చి నా ఒళ్ళో పడేస్తాడు. ఇక్కడైతే నలుగురూ చేతులు మార్చుకుంటా మధ్యానం దాకా ఎత్తుకునేవోళ్ళు."

"ఆ మాట నాతో అనకపోయావా?"

"అయ్యగారు కదా, మీతో ఎట్టా అంటాం?" అంటూ సలోమి లోపలికి నడిచింది. గడప దగ్గర ఆగి, "శుక్రవారం లోపు మిగతావోళ్ళని గూడా నే దీసుకొస్తా," అంది.

లోపల దుప్పటి దులిపిన చప్పుడయింది. ఆ వెనకే మిషను కదిలింది. నతానియేలుకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది.

"నిన్ననే చెప్పి ఉంటే రాయి నేనే తిప్పించేవాణ్ణి కదండీ," అన్నాడు గురువుగారితో, మెల్లగా.

"తిప్పించేవాడివే," అన్నారు ఆయన ఆటలోంచి తలెత్తకుండా. "కూర్చునేవాడివి కాదు."

నతానియేలు లేచి గోడ మీది బోర్డుని రెండు చేతులా పట్టుకుని ఊడబీకాడు. మేకులు పీకి అవతల పడేశాడు. బర్నబాసు తాత మోకాళ్ళ నొప్పితో రాతి మెట్టు మీద అటూ ఇటూ కదులుతున్నాడు. బోర్డు తీసుకెళ్ళి ఆయన పక్కన వేశాడు.

"రాయి చల్లగా ఉంటుంది తాతా, దీని మీద కూర్చో."

తాత ఎర్రరంగు అక్షరాల వంక చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏందో రాసుందే దీని మీద? దేవుడి వాక్యమేమో. ఎట్టా కూకునేది?"

నతానియేలు గురువుగారి వైపు చూశాడు. ఆయన చేతిలో పులిని పట్టుకుని, ఎటు దూకించాలో తెలియనట్టు గీతలకేసి చూస్తూ ఉండిపోయారు.

"కూర్చోమనే రాసుంది తాతా," అన్నాడు నతానియేలు.