ఎవరు అలిసిపోయారు?

వరాహలక్ష్మి గారిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తినేసుకోవడమే. ముప్ఫయ్యేళ్లుగా కాన్పులు చేస్తున్న ఆ పెద్ద డాక్టరు జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ సంగతి తెలిసీ శిష్యురాలు తరళ ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“మేడమ్, మన వార్డులో సగానికి పైగా బిడ్డల్ని కడుపు కోసే తీస్తున్నాం. ఇన్ని ఆపరేషన్లు ఎందుకవుతున్నాయి?”

“ఇవాళ ఆపరేషన్ కాగితంలో కారణం రాసేముందు, ఎవరు అలిసిపోయారో రాయి,” అన్నారావిడ చేతులు కడుక్కుంటూ.

ఇదేం చోద్యం అనుకుంది తరళ.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. పైడితల్లికి తొలికాన్పు. తెల్లారినప్పటి నుంచీ నొప్పులే, బిడ్డకు మాత్రం తొందరే లేదు. తలుపు దగ్గర వాళ్లమ్మ ఒకటే ఏడుపు: “కోసేయండి తల్లీ, నా పిల్ల బాధ సూడలేకపోతన్నాను!” రెండింటికి తరళ డ్యూటీ దిగాలి. దిగేలోపు తన మంచాలన్నీ తేల్చేసి వెళ్లాలి. నొప్పులు పడుతున్న మనిషిని తర్వాత వచ్చేవాళ్లకు అప్పజెప్పడం ఆ వార్డులో పెద్ద నామర్దా. తరళ ఆపరేషన్ కాగితం తీసింది. పేరైనా రాయకముందే ఆ దిక్కుమాలిన ప్రశ్న గుర్తొచ్చింది.

బిడ్డ గుండె చప్పుడు విన్నది. నిక్షేపంగా కొట్టుకుంటోంది. పైడితల్లి నాడి చూసింది. అదీ బాగానే ఉంది. పైగా ఆ పిల్ల, “ఓపాలి లేచి నడవొచ్చా అమ్మా?” అని అడిగింది.

మరి అలిసిందెవరు? ఒకరు తలుపు దగ్గరి తల్లి. రెండోవారెవరో తెలిసి తరళకు సిగ్గేసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ తల్లిని లోపలికి పిలిచి కూతురి చెయ్యి పట్టించింది. రెండు దాటినా ఇంటికి వెళ్లలేదు. ముగ్గురూ వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగారో! నాలుగు దాటాక ఆడపిల్ల కేరుమంది.

తరళ ఆ ఖాళీ కాగితంతో గురువు దగ్గరికి పరుగెత్తింది. “తెలిసింది మేడమ్! ఓపిక పడితే చాలు, ఇక ఎవరినీ కోయక్కర్లేదు!”

వరాహలక్ష్మి గారు మరో మంచం మీదికి వంగి ఉన్నారు. అక్కడి బిడ్డ గుండె వేగం పడిపోతోంది, మళ్లీ పుంజుకోవడం లేదు. ఆవిడ తలెత్తకుండానే తరళ చేతిలోని కాగితం అందుకుని సంతకం పెట్టేశారు.

తరళ తెల్లబోయింది. “ఎవరు అలిసిపోయారని రాయను మేడమ్?”

“లోపలున్న బిడ్డ. పద, పద!”