ఉలి తాకని బండ

అనగనగా, దారులకింకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక గుట్ట కింద ఒక ఊరు. గుట్ట మీద ఒక రాకాసిగూడు. నాలుగు పలకబండలు గోడలుగా నిలబెట్టి, పైన ఏనుగంత బండ కప్పిన పాతకాలపు సమాధి అది. ముందు బండకు మనిషి దూరేంత గుండ్రటి కంత. ఎవరి సమాధో ఎవరికీ తెలియదు. రాకాసులు కట్టారనేవారు.

ఆ ఊళ్ళో ఈదమ్మ అని రాళ్ళు కొట్టుకుని బతికే మనిషి ఉండేది. జానెడు నేల లేదు. ముందూ వెనకా ఎవరూ లేరు. కానీ ఏ బండ ఎక్కడ పగులుతుందో చూసి చెప్పేది.

ఒకనాడు ఆ ఊరి దొరకు, కోటలా కట్టిస్తున్న కొత్త గడికి గడప కావాల్సి వచ్చింది. గూటి పైబండ మీద కన్నుపడింది. దాన్ని చీల్చమని ఈదమ్మకు కబురు పెట్టాడు.

ఈదమ్మ గుట్టెక్కింది. బండ అంచులు తడుముతూ చుట్టూ తిరిగింది. ఎక్కడా ఉలిగాటు లేదు. ఉలి పట్టని మనుషులు రాతిని రాతితో కొట్టి, నారతాళ్ళతో లాగి, ఎత్తిపెట్టిన బండ. రాకాసులు కాదు, తనలాంటి కూలోళ్ళే. దిగొచ్చి, కొట్టను దొరా అంది.

దొర మొదట బస్తా జొన్నలు పంపాడు. జొన్నలు తిప్పి పంపి, కొట్టను దొరా అంది. రెండోసారి గుడిసె పీకించాడు. చెట్టు కింద పొయ్యి పెట్టుకుని, కొట్టను దొరా అంది. మూడోసారి ఆమె సుత్తీ ఉలీ లాక్కుని, పొరుగూరి నుంచి ముగ్గురు రాతిపనివాళ్ళను తెప్పించాడు.

వాళ్ళతో దొర గుట్టెక్కేసరికి ఈదమ్మ కంతలోంచి దూరి, పైబండ కింద కూర్చుని ఉంది.

"చచ్చినోళ్ళ ఇల్లు నీకెందుకే?" అన్నాడు దొర.

"చచ్చినోళ్ళు కాదనలేరు దొరా. వాళ్ళ తరపున నేనంటున్నా. ఇది మోసినోళ్ళ పేర్లు పోయినయి. మోత మాత్రం మిగిలింది. దాన్ని నీ కాళ్ళ కింద వెయ్యనియ్య."

దొర కొట్టమన్నాడు. ముగ్గురిలో పెద్దవాడు, కింద మనిషి ఉండగా సుత్తెత్తడం మా పనిలో లేదన్నాడు. సుత్తి నేలమీద పెట్టాడు. రెండోవాడు పెట్టాడు. మూడోవాడూ పెట్టాడు.

ఆకలేస్తే అదే వస్తుందని దొర కాపలా పెట్టి పోయాడు. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఆమె బయటికి రాలేదు. మూడోనాడు ఊరి ఆడవాళ్ళు అంబలి ముంతలతో గుట్టెక్కారు. కాపలావాళ్ళు అడ్డం నిలబడ్డారు. వాళ్ళలో ఒకడి తల్లే అందరికంటే ముందు నడిచి వస్తోంది. వాడు పక్కకు జరిగాడు.

ఊరు ఆమె వైపు నిలిచిందని చూసి, దొర వేరే బండతో గడప వేసుకున్నాడు. పంతం మాత్రం విడవలేదు. ఈదమ్మకు ఊళ్ళో ఎవరూ పని ఇవ్వకూడదన్నాడు. ఆమె పొరుగూళ్ళకు నడిచి వెళ్ళి రాళ్ళు కొట్టింది. ముసలిదై కన్నుమూస్తే, ఊరి నేలలో పూడ్చవద్దన్నాడు. ఊరు వినలేదు. గూటి పక్కనే పూడ్చిపెట్టింది.

ఆ గడి కూలి ఎన్నాళ్ళయిందో. గూడు ఉంది. తర్వాతెప్పుడో కంకర కోసం వచ్చినవాళ్ళనూ ఊరు గుట్ట ఎక్కనివ్వలేదు.

ఇప్పటికీ ఆ వైపు రాళ్ళు కొట్టేవాళ్ళు కొత్త బండను మూడుసార్లు తట్టి, "లోపలున్నావా ఈదమ్మా?" అని అడుగుతారు. జవాబు రాకపోతేనే దెబ్బ వేస్తారు. గూటి దగ్గర మాత్రం ఎవరూ అడగరు. ఉందని తెలుసు.