గాలమ్మ మడుగు

చింతేరు అనే ఏరు కొండ దిగి మలుపు తిరిగే చోట, మడుగును ఆనుకొన్న నల్లరాతి గట్టు మీద శ్రీ గాలమ్మ తల్లి సన్నిధి ఉన్నది. గర్భగుడిలో విగ్రహం లేదు. పసుపు పూసి నిలిపిన పాత పడవ తెడ్డుకే నిత్యపూజ జరుగుతుంది. బెస్తల ఇలవేల్పు గనుక ఈ పేరు గాలం నుంచి వచ్చిందని కొత్త భక్తులు తలుస్తారు. పెద్దలు చెప్పే కథ వేరు.

పూర్వం ఈ మడుగు ఒడ్డున పదకొండు బెస్త గడపలు ఉండేవి. వారిలో ఆదెమ్మ అనే వితంతువు నీటి పోకడ ఎరిగినది. తూర్పుగాలి సాగితే చేప అడుగుకు పోతుందనీ, సన్నజల్లు పడే పూట మేతకు పైకి లేస్తుందనీ, వరదనీరు తేరుకునే వేళే వలకు అదను అనీ చెప్పేది. ఆమె మాట మీదే పడవలు కదిలేవి.

ఒకప్పుడు వరుసగా రెండేళ్ళు వానలు తప్పాయి. మడుగు సగానికి ఇంకింది. వలలు ఖాళీగా వచ్చాయి, పొయ్యిలు చల్లబడ్డాయి. ఆషాఢంలో ఒకనాటి ఉదయం మబ్బు కమ్మి, ఆకు కదలని ఉక్కపోత పట్టింది. చూస్తుండగానే మడుగంతటా చేపలు నోళ్ళు తెరుచుకొని పైకి తేలాయి. జనం బుట్టలతో పరుగెత్తుకొచ్చారు. రెండు రోజులుగా గంజి ఎరుగని ఆదెమ్మ వారికి అడ్డంగా నిలిచింది.

"ఏటి తల్లి ఇచ్చిన కూడు కాదనకే ఆదెమ్మా! నా మనవలు మూడు పూటలుగా పస్తున్నారు" అన్నాడు ఆమెకు బావ అయిన కులపెద్ద సత్తెయ్య.

"ఇచ్చింది కాదు బావా, ఊపిరాడక శరణు కోరి వచ్చాయి. ఇవాళ తోడేస్తే రేపు కొత్తనీటికి గుడ్డు పెట్టే చేప ఒక్కటీ మిగలదు. నీ మనవలకు ఉత్త నీళ్ళు మిగులుతాయి."

అంటూనే తెడ్డు అందుకొని మొలలోతు నీటిలోకి దిగి, నీటికి గాలి అందేలా బాదసాగింది. నురుగు లేచిన మేర చేపలు ఆమె చుట్టూ చేరాయి. అది చూసి సత్తెయ్య కళ్ళు తుడుచుకొని, బుట్ట బోర్లించి, తానూ దిగాడు. అతని వెనుక అన్ని గడపలూ దిగాయి. మిట్టమధ్యాహ్నం దాకా అరచేతులు బొబ్బలెక్కేలా నీటిని బాదారు. చచ్చి తేలిన చేపలను మాత్రమే ఏరి పంచుకున్నారు.

అలసి గట్టు మీద ఒరిగిన ఆదెమ్మకు కునుకు పట్టింది. కలలో పసుపు చీర కట్టిన ముత్తైదువ కనిపించి, "మీరు పోసిన ఊపిరి నాకు చేరింది. గాలినై వస్తున్నాను. నాకు రూపు చెక్కవద్దు, నీ తెడ్డు నిలుపు" అన్నది. మెలకువ వచ్చేసరికి పడమటిగాలికి మడుగు అలలెత్తుతున్నది. సాయంత్రానికి వాన దిగింది. ఐదోనాటికి కొత్తనీరు వచ్చి చేపలు ఏటికి ఎదురెక్కాయి. ఆ ఏడు ఏ గడపా పస్తు పడుకోలేదు. గాలిగా వచ్చిన తల్లి గాలమ్మ అయినది.

నేటికీ గాలి స్తంభించి చేప నోరు తెరిచిన రోజున ఇక్కడ వల తడపరు. గుడిగంట మోగగానే ఊరంతా తెడ్లతో మడుగులోకి దిగుతుంది. ఉబ్బసంతో బాధపడేవారు ఆ నురుగునీటిని నుదుట అద్దుకుంటే తల్లి ఊపిరి నిలుపుతుందని విశ్వాసం. ఆషాఢ జాతరలో ఆనాటి పదకొండు గడపల పేర్లు చదువుతారు. మొదట వచ్చేది సత్తెయ్య పేరు. "నేను నీటి సంగతి తెలిసి దిగాను. ఏమీ తెలియకుండానే ఆకలి ఆపుకొని దిగినవాడు మా బావ" అని ఆదెమ్మే అలా కోరిందట. ఆ పేరు చదివాకే తల్లికి హారతి ఇస్తారు.