అంటుకోని పొయ్యి

అడిగిన దానికి నోటితో జవాబు చెప్పడం గరిడీ గురువు దాలయ్యకు అలవాటు లేదు. శిష్యుడు ప్రశ్న వేస్తే "నడు" అని తానే ముందు లేచేవాడు.

ఒక ఉదయం ఎర్రునాయుడు ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఆ గరిడీలో సాము చేసినవాడు. కష్టపడని ఒంటికి అన్నం తినే హక్కు లేదని అతని నమ్మకం. అతని కూతురు నూకరత్నం, పదహారేళ్ళ పిల్ల, నాలుగు నెలలుగా పది మెట్లెక్కితే కూలబడుతోంది. బద్ధకమనుకుని, యాభై దండీలు తీస్తేగాని ముద్ద లేదన్నాడు. పన్నెండో దండీకి పిల్ల బోర్లా పడిపోయింది. పట్నంలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి చెప్పింది: ఒంట్లోని కణాల్లో మైటోకాండ్రియా అనే అతి చిన్న భాగాలుంటాయి, తిన్నదాన్ని సత్తువగా మార్చేవి అవే, ఈ పిల్లలో అవి సరిగా పనిచేయడం లేదు. పస్తు పెట్టవద్దు, శక్తికి మించి చేయించవద్దు.

"పాలు, గుడ్లు పెట్టి పెంచాను గురువుగారూ. సత్తువ ఎందుకుండదు? కంటికి కనబడని రోగమంటే సోమరులందరికీ పండగే కదా. ఇది నిజంగా రోగమా, నా పెంపకంలో లోపమా?"

"నడు" అన్నాడు దాలయ్య.

ఊరి చివర బెల్లం వండుతున్నారు. పెనం నిండా చెరుకురసం ఉంది. పొద్దెక్కినా పొంగు రాలేదు. మంట చూసే గవరమ్మ పొయ్యి ముందు ఊరికే కూర్చుని ఉంది.

"కూర్చుంటే పాకం వస్తదా గవరమ్మా?" అంటూ ఎర్రునాయుడు కర్ర అందుకుని, మోపెడు చెరుకుపిప్పి లోపలికి కుక్కాడు. నల్లటి పొగ తిరగబడి మొహాన కొట్టింది. ఉన్న కాస్త మంటా అణిగిపోయింది.

గవరమ్మ దగ్గుతూ లేచింది. "ఎంత బలముంటే ఏటి లాభం నాయుడూ? పొయ్యికి మేత చాలక కాదు. మంచుకి పిప్పి తడిసింది, లోపల అంటుకోడం నేదు. అంటుకోనప్పుడు కుక్కితే పొగే."

కుక్కిందంతా బయటికి లాగింది. ఎండుది గుప్పెడు వేసి ఆగింది. అది అందుకున్నాక ఇంకో గుప్పెడు వేసింది. చాలాసేపటికి పెనం అంచున ఒక బుడగ లేచింది.

"రసం పొంగలేదని ఇందాక పెనాన్ని తిట్టావా?" అడిగాడు దాలయ్య.

"పెనం ఏం చేస్తుంది గురువుగారూ..." అని ఎర్రునాయుడు అక్కడే ఆగిపోయాడు. నాలుగు నెలలుగా గుండె మీదున్న బండ దిగినట్టయింది. తన బిడ్డ సోమరి కాదు. మసి తుడుచుకునే నెపంతో కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఊపిరి నిండా పీల్చాడు.

దారిలో మళ్ళీ పాత బుద్ధి మేలుకుంది. "మరి రేపట్నుంచి పిల్లచేత ఎన్ని దండీలు తీయించమంటారు?"

"ముందు అన్నం పెట్టు" అన్నాడు దాలయ్య. "తరవాత దాన్నే అడుగు."