పేరు తుడిచిన ఊబిదారి

అడవికీ మెట్టకీ నడుమ ఒక ఊబి ఉండేది. వరద ముంచుకొస్తే అడవి జంతువులు తలదాచుకోవాల్సింది ఆ మెట్టమీదే, వెళ్లాల్సింది ఆ ఊబి మీదుగానే. ఊబి మాత్రం కుదురైనది కాదు. మొన్న గిట్ట ఆనిన చోటే ఇవాళ నడుందాకా దిగబడేది.

దానికి దారి కనిపెట్టి చెప్పేది ఒక ముసలి తాబేలు. "ఎవరైనా నేర్చుకోండి, ఎవరికైనా నేర్పండి. నేల కుంగితే దారి మార్చండి. ఒక్కటే షరతు. దారి చెప్పాక చివర నా పేరు చెప్పండి, మార్చినవాళ్లుంటే వాళ్ల పేరూ చెప్పండి," అనేది.

ఇది విని నక్కకి నవ్వొచ్చింది. "ఈ వయసులో పేరు పిచ్చేమిటి మామా?"

"నా గొప్పకి కాదు అల్లుడూ. ఎందుకంటే..."

"సరేలే, చెబుతాలే," అంటూ నక్క వెళ్లిపోయింది. ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే ఓపిక దాని వంశంలోనే లేదు.

దారంతా బట్టీపట్టింది, పేర్లు పీకేసింది. అడవి అవతలికి పోయి, "నేను కనిపెట్టిన దారి. ఎండ్రకాయలు తెస్తే చెబుతా," అని చాటింపు వేసింది. సొమ్మొకడిది, సోకొకడిది.

అడవిపంది ఎండ్రకాయలు తెచ్చి దారి నేర్చుకుంది. "నక్కబావా, నేల మారితే ఎవర్ని అడగాలి?"

"గారెలు పెడితే తినక చిల్లులు లెక్కపెడతావేం? నా దారి మారదు."

ఆ ఏడు ముసురు పట్టింది, వరదొచ్చింది. నక్క ఊబి అంచుకి చేరేసరికి ఎదురుగా ఏదీ కనబడలేదు. కప్పలు కూడా అరవడం లేదు. ఇన్నాళ్లూ దారి చెప్పిందే గాని, ఒక్కసారీ నడిచి చూసింది కాదు.

అంతలో ముసురులోంచి పంది గొంతు వినబడింది. "తుంగ దుబ్బుకి పక్కగా... నల్లరాయి దాటాక కుడికి..."

'పంది క్షేమంగా దాటుతోందన్నమాట' అనుకుని నక్క ఆ గొంతు వెంట నడిచింది. ఎంత నడిచినా గొంతు దగ్గరా కాలేదు, దూరమూ కాలేదు. రాయి దాటి కుడికి తిరగగానే కాళ్లు దిగబడ్డాయి. గొంతు వస్తున్నది ఎదుటినుంచి కాదు, బురద అడుగునుంచి.

"మామా, చచ్చిపోతున్నాను," అని నక్క ఏడ్చింది.

గట్టినేల మీంచి తాబేలు పలికింది. "రాయి దాటాక ఎడమకి మార్చాను అల్లుడూ, వానలకి ముందే. నా పేరు తెలిసినవాళ్లంతా వచ్చి అడిగి, మెట్టెక్కేశారు. పాపం, పంది ఎవర్నడుగుతుంది? అందుకే పేరు చెప్పమన్నాను." ఎంత చాచినా తాబేలు మెడ నక్కదాకా అందలేదు.

ఇప్పటికీ ముసురు పట్టిన పొద్దుల్లో ఆ ఊబిలోంచి రెండు గొంతులు పాత దారి చెబుతుంటాయి, ఒకటి పందిది, ఒకటి నక్కది. ఎంతో ముద్దుగా, ఓపిగ్గా చెబుతాయి. చివర పేరు మాత్రం రాదు. అది విని జింకపిల్లలు కూడా వేసిన అడుగు వెనక్కి తీసుకుంటాయి.

పదిమంది దారిని ఎవరైనా చెప్పుకోవచ్చు గాని, దాన్ని చూసుకునేవాళ్ల పేరు తుడిచి చెబితే అది గోతికే పోతుంది.