పరుపులో గడ్డ

సుంకన్న వస్తే మాటలు ఆగిపోయేవి. అదీ అతని బాధ.

నాపరాళ్ళ గనుల నడుమ, గుట్ట వాలులో ఒక రాతి కొట్టం ఉండేది. దాన్ని అందరూ తకియా అనేవారు. తకియా అంటే ఫకీరు ఉండే చోటు. తలదిండును కూడా అదే మాటతో పిలుస్తారు. రెండూ చేసే పని ఒకటేనని, వచ్చినవాడు తల వాల్చుకోవాలని మౌలాలి తాత అనేవాడు. దూదేకుల మనిషి. పరుపులు కుట్టి బతికేవాడు. బోధ కావాలని వచ్చినవాళ్ళకు దూది ఏకుతూనే నాలుగు ముక్కలు చెప్పేవాడు. ఒక్కోసారి అదీ చెప్పేవాడు కాదు.

శుక్రవారం పొద్దున పదిమంది అక్కడ చేరేవారు. ఒక ముసలామె కోడలి మీద చాడీ చెబుతుంటే మిగతావాళ్ళు పడీపడీ నవ్వేవారు. అంతలో సుంకన్న భుజాన జోడుగొట్టాల తుపాకితో వాకిట్లోకి వచ్చేవాడు. నవ్వు తెగిపోయేది. ముసలామె కొంగు సర్దుకుని, కొళాయి వచ్చే వేళయిందంటూ లేచేది. తకియాలోకి ఆయుధం తేకూడదని కట్టడి. సుంకన్న తుపాకిని వాకిట్లో మేకుకు తగిలించి, లోపలికొచ్చి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. అయినా తెగిన నవ్వు అతుక్కునేది కాదు.

తుపాకి సరదాకి పట్టింది కాదు. పదకొండేళ్ళ కిందట ఒక గని హద్దు దగ్గర మాటామాటా పెరిగి సుంకన్న తమ్ముణ్ణి నరికేశారు. నెల తిరక్కుండా అవతలి ఇంటి పెద్ద కూలిపోయాడు. కోర్టులో ఏదీ తేలలేదు. ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు. ఆ పెద్దాయన కొడుకు కంబగిరి అప్పటికి చదువుకుంటున్నాడు. చదువు మాని నాటు తుపాకి నడుముకు కట్టాడు. ఆ రోజు నుంచి ఈ ఇంటివాళ్ళు పోయే దారిన ఆ ఇంటివాళ్ళు పోలేదు.

ఒకరోజు అందరూ లేచిపోయాక సుంకన్న అడిగాడు.

"నేనొస్తే ఎందుకు తాతా, అందరూ ఇట్లా బిగుసుకుంటారు? నేనెవర్నేమన్నా?"

"నిన్ను చూసి కాదులే నాయనా. నీ భుజం చూసి."

సుంకన్న ఆ మాటను నెల రోజులు నమిలాడు. ఆ తర్వాత పట్టపగలు, నడిబజారున, అందరూ చూస్తుండగా జోడుగొట్టాల తుపాకిని మోసుకుపోయి పోలీసు స్టేషనులో ఒప్పజెప్పి వచ్చాడు. టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు. వాళ్ళు చూడనిది ఒకటుంది. అదే లైసెన్సు మీద ఒక చిన్న రివాల్వరు ఎక్కింది. అది అతని బొడ్డు పక్కన, చొక్కా కింద కూర్చుంది. చొక్కాలు కాస్త వదులుగా కుట్టించుకున్నాడు.

మరుసటి శుక్రవారం నవ్వు తెగలేదు.

"ఏం సుంకన్నా, బరువు దించినాక మనిషివి జానెడు పొడుగైనావే!" అంది ముసలామె. అందరూ నవ్వారు. సుంకన్న కూడా నవ్వాడు. తాత మాత్రం దబ్బనంలో దారం ఎక్కిస్తూ అతనివైపు కాసేపు చూశాడు.

తుపాకి వదిలేశానని సుంకన్న ఎవరికీ చెప్పలేదు. వదల్లేదనీ చెప్పలేదు. నోరు మెదపకపోతే అబద్ధమాడినట్టు ఎట్లా అవుతుందని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. తకియాలోకి ఆయుధం తేకూడదన్న కట్టడి గుర్తొచ్చినప్పుడు, ఎవరి కంటా పడనిది ఉన్నా లేనట్టేనని ఇంకో మాట చెప్పుకున్నాడు. మనిషికి తనను తాను నమ్మించుకోవడమంత తేలిక పని ఇంకొకటి లేదు.

ఈ సంగతి కంబగిరి చెవిన పడింది. సుంకన్న దించేశాడట, తాత మాట విని మారిపోయాడట అని ఊరంతా చెప్పింది. కంబగిరి రెండు రోజులు ఆలోచించాడు. మూడోరోజు కమ్మరి కొలిమి దగ్గరికి పోయి, తన నాటు తుపాకిని దాగలి మీద పెట్టించి నలగ్గొట్టించాడు. మర్నాటి నుంచి నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీకి సుంకన్న చేను గట్టు మీదుగానే పోసాగాడు. పదకొండేళ్ళు గుట్ట చుట్టూ తిరిగి పోయినవాడు, టిఫిన్ క్యారియరు ఊపుకుంటూ ఒంటరిగా వచ్చేవాడు.

"బాగుండావా అన్నా?" అని పలకరించేవాడు.

"బాగున్నా" అనేవాడు సుంకన్న. అతను దాటిపోయేదాకా చెయ్యి దానంతటదే చొక్కా మీదికి పోయేది.

ఆ శుక్రవారం తకియాలో జనం పలచగా ఉన్నారు. పొద్దెక్కేసరికి ఎర్రిస్వామి ఒక్కడే మిగిలాడు. అతనూ తాత శిష్యుడే. అతనికీ పాత పగలున్నాయి. ఇప్పటికీ భుజాన తుపాకి మోస్తూనే తిరుగుతాడు. దాన్ని మేకుకు తగిలించి గడప మీద చతికిలబడ్డాడు.

"ఏం సుంకన్నా, భుజం ఖాళీ అయినాక గాలి బాగా తగుల్తాందా?"

"దించితే నీకూ తగుల్తాది."

"నేను దించనప్పా. నాది కనపడతాది. కయ్యం పెట్టుకునేవాడు చూసుకొని పెట్టుకుంటాడు, తప్పుకునేవాడు తప్పుకుంటాడు. మోసం ల్యా. పడగెత్తిన పామును చూసి మనిషి పక్కకు పోతాడు. గడ్డిలో దూరిన దాంతోనే గదా చావు."

ఎర్రిస్వామికి ఏమీ తెలియదు. నోటికొచ్చింది అన్నాడంతే. సుంకన్నకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాడు.

"బజార్లో పడగెత్తుకొని తిరగడం గొప్పనా? పిల్లోళ్ళు జడుసుకుంటారు. ఆడోళ్ళు బిందెలెత్తుకొని ముళ్ళల్లోకి దిగి దారిస్తారు. అది నీకు మర్యాద అనిపిస్తాంది. పెట్టుకోక తప్పనోడు లోపల పెట్టుకోవాల, ఒకర్ని భయపెట్టకుండా."

"అట్లయితే దొంగకూ వానికీ తేడా యాడుంది?"

"అవసరమైతే తప్ప తియ్యడు. అదీ తేడా."

"అవసరమొచ్చిందని ఎవరు చెప్పాల? వాడేనా?" ఎర్రిస్వామి తొడ చరిచి నవ్వాడు. "తాతా, నువ్వు తీర్పు చెప్పు. చూపించి తిరిగేది మేలా, దాచుకొని తిరిగేది మేలా?"

తాత దారాన్ని పంటితో తెంపాడు.

"ఈ పరుపు కంబగిరి వాళ్ళమ్మకు. నడుము పట్టేసి మూడు నెలలాయె. ఇయ్యాల వచ్చి తీసకపోతానన్నాడు. ముందు దీని సంగతి చూద్దాం. సుంకన్నా, పడుకో."

పరుపు కుట్టడం అయ్యాక తాత ఎవరో ఒకరిని దాని మీద బోర్లా పడుకోబెట్టేవాడు. నడుము మీద అరచెయ్యి పెట్టి నొక్కి, గడ్డ తగులుతోందా అని అడిగేవాడు. వీపు మొద్దుది, పొట్టకే తెలుస్తుంది అనేవాడు. ఆయన చేతి నుంచి ఒక్క పరుపూ ఆ పరీక్ష లేకుండా పోలేదు.

"ఎర్రిస్వామిని పడుకోమను తాతా. బరువైన మనిషి."

"వాడు పోయినవారం పడుకున్నాడు. నీ వంతు."

సుంకన్న మెల్లగా పడుకున్నాడు. తాత అరచెయ్యి నడుము మీద దిగింది. ఇనుము కడుపులోకి గుచ్చుకుంది. ఆపుకుందామన్నా ఆగక 'అబ్బా' అన్నాడు.

"గడ్డనా?"

"ఆ... ఉన్నట్టుంది తాతా. ఇక్కడ దూది గడ్డకట్టింది."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. మాట మాత్రం వెనక్కి రాలేదు.

"అట్లనా" అన్నాడు తాత.

కూర్చుని కుట్లన్నీ విప్పాడు. గలేబులోంచి దూదినంతా కిందికి లాగాడు. దూది ఏకే పెద్ద విల్లును దూలానికి వేలాడదీసి నారిని మీటడం మొదలుపెట్టాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఊపిరితిత్తుల నిండా దూది నుసే. నాలుగు మీటులకొకసారి దగ్గు తెర వచ్చేది. ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ మీటేవాడు.

"నేను ఏకుతా తాతా."

"నీకు రాదు నాయనా."

దూది మంచులా లేచి తాత కనుబొమల మీద పడింది. పూట గడిచిపోయింది. మళ్ళీ నింపాడు, మళ్ళీ కుట్టాడు.

"పడుకో."

ఈసారి తాత చెయ్యి ఇంకా పడకముందే సుంకన్న అరిచినట్టు చెప్పాడు.

"పోయింది తాతా! గడ్డ పోయింది. బాగుంది."

తాత నొక్కాడు. సుంకన్న పళ్ళు బిగించాడు. కణతల మీద నరాలు లేచాయి.

"నీ మొహం అట్ల చెప్తా ల్యా బిడ్డా. నా కష్టం చూసి మొహమాటపడొద్దు. రోగిష్టిదాని నడుము." దబ్బనం తీసుకుని మళ్ళీ కుట్లు విప్పడానికి కూర్చున్నాడు.

సుంకన్న వాకిలివైపు చూశాడు. బయటికి పోయి దాన్ని రాళ్ళ సందున పెట్టి వస్తేనో? వచ్చి పడుకుంటే ఏ గడ్డా తగలదు. అప్పుడు గడ్డ ఇంతసేపూ ఎక్కడుండిందో తేటతెల్లమైపోతుంది. కదల్లేక అట్లాగే నిలబడ్డాడు. నారి మోగుతూ ఉంది. తాత దగ్గుతూ ఉన్నాడు. గడప మీద ఎర్రిస్వామి ఎకసెక్కాలు ఎప్పుడో ఆపేశాడు. ఒకసారి సుంకన్న చొక్కావైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఆ చూపు తిప్పుకోవడమే సుంకన్నకు చెంపదెబ్బ అయింది.

మూడోసారి కుట్టడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కంబగిరి వచ్చాడు. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, తల నుంచి కాళ్ళ దాకా రాతిపొడి.

"ఇంకా కాలేదా తాతా?"

"ఏదో గడ్డుందంట. రెండుసార్లు ఏకినా సుంకన్నకు గుచ్చుకుంటానే ఉంది. నువ్వు చూడు."

కొత్త గలేబుకు పొడి అంటకూడదని కంబగిరి చొక్కా విప్పి దులిపి మేకుకు తగిలించాడు, ఎర్రిస్వామి తుపాకి పక్కనే. చేతులు కడుక్కొని వచ్చి పరుపు మీద బోర్లా పడ్డాడు. తాత అతని నడుము మీద నొక్కాడు.

"ల్యా తాతా. వెన్న మాదిరి ఉంది." మొహం అవతలి గోడవైపు తిప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. "సుంకన్నన్నవి ముసలి ఎముకలు. అవే గుచ్చుకుంటాంటాయి."

పొద్దుటి నుంచి రాళ్ళు మోసి వచ్చిన ఒళ్ళు. మెత్తదనం తగలగానే లేవబుద్ధి కాలేదు. అట్లాగే ఉండిపోయాడు. నూలుపోగు లేని వీపు. ఊపిరికి మెల్లగా లేస్తూ పడుతూ ఉంది.

ఆ ఇంటివాళ్ళ వీపు తన ముందు ఇట్లా పడి ఉండాలని సుంకన్న పదకొండేళ్ళు కలలు కన్నాడు.

తల దించి చూసుకున్నాడు. చెయ్యి అప్పటికే చొక్కా మీద ఉంది. అది ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు. ఎర్రిస్వామి ఆ చేతినే చూస్తున్నాడు. తాత కూడా చూస్తున్నాడు. కళ్ళు మూసుకుని పడుకున్నవాడొక్కడే చూడటం లేదు.

సుంకన్న చొక్కా ఎత్తి రివాల్వరు బయటికి లాగాడు.

"రేయ్!" అంటూ ఎర్రిస్వామి ఎగిరి లేచాడు.

సుంకన్న వంగి దాన్ని నాపరాయి మీద పెట్టాడు. ఇనుము రాతికి తగిలి చిన్న చప్పుడైంది. కంబగిరి కళ్ళు తెరిచి ఇటు తిరిగాడు. రాయి మీదున్నదాన్ని చూశాడు. లేచి కూర్చుని సుంకన్న వదులు చొక్కావైపు చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

"నేను గట్టు మీద పోయేటప్పుడు గూడా?"

సుంకన్న చొక్కా అంచును కిందికి లాక్కున్నాడు.

కంబగిరి లేచి మేకు మీది చొక్కా అందుకున్నాడు. తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకునేటప్పుడు ఒకటి తప్పిపోయింది. పరుపు చుట్టి తలకెత్తుకున్నాడు. "వస్తా తాతా" అన్నాడు. రెండు చేతులతో పరుపు పట్టుకుని గుట్ట దిగాడు. దారులు చీలే చోట నిమిషం నిలబడ్డాడు. గట్టువైపు పోలేదు. గుట్ట చుట్టూ తిరిగే పాతదారి పట్టాడు.

తల మీద బరువుతో ఆ మనిషి రెండు మైళ్ళు ఎక్కువ నడవబోతున్నాడు. మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా సుంకన్న చూస్తూ నిలబడ్డాడు.

ఎర్రిస్వామి గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్పలే తాతా? కనపడేదే మేలని..."

"వచ్చేవారం నువ్వు దాన్ని భుజానేసుకొనే పడుకుందువు రా" అన్నాడు తాత. "ఎంత మెత్తగుంటాదో చెబుదువు."

ఎర్రిస్వామి గడప దిగాడు. మేకు మీద తుపాకి తీసుకోవాలో వద్దో తెలియనట్టు కాసేపు తచ్చాడి, తీసుకుని, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తోచక చేతిలో వేలాడేసుకుని వెళ్ళిపోయాడు.

కొట్టంలో ఇద్దరే మిగిలారు. నేలంతా దూది. సుంకన్న తాత ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తల ఎత్తలేదు.

"నీ చేతికి మొదటిసారే తెలిసింటాది తాతా. నీకు తెలుసు. తెలిసీ పొద్దున్నుంచి ఆ దగ్గుతో రెండుసార్లు విప్పి, రెండుసార్లు ఏకి, రెండుసార్లు కుట్టినావు. ఒక్క మాట అనింటే సరిపోయేది గదా. ఎందుకనలేదు?"

తాత కనుబొమల మీద నుంచి దూది పోగొకటి తీసి పక్కన పెట్టాడు.

"గడ్డ పరుపులో ఉందంటివి గదా నాయనా. నమ్మినా."